పెరటి చెట్టే మందు

'పెరటి చెట్టు మందుకు పనికిరాదు' అని సామెత. చేరువలో ఉన్నదాని విలువను గుర్తించలేని మానవ స్వభావాన్ని పెద్దలు ఈ విధంగా ఎత్తిపొడిచారు. ఆ స్వభావానికి మనం చెల్లించిన మూల్యం ఎంతటిదో తెలియాలంటే ఒంగోలు చుట్టుపట్ల పొలాల గతాన్ని ఒకసారి స్మరించాలి.

గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి నేలలు పత్తికీ, మిరపకూ పేరుపొందినవి. 1980వ దశకంలో ఈ ప్రాంతపు పత్తి చేలలో సింథటిక్ పైరెథ్రాయిడ్ జాతి పురుగుమందుల వాడకం మితిమీరింది. వాటి వలన చీడపురుగులతోపాటు, వాటిని తిని బ్రతికే మిత్రకీటకాలు కూడ నశించాయి. అదుపుచేసే జీవి కరవై తెల్లదోమ విజృంభించింది. 1987-88 ప్రాంతంలో పంట నష్టపోయి, ఋణభారం మోయలేక ఎందరో పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. పైరును కాపాడగలదని నమ్మి అప్పుచేసి కొన్న మందే పైరుకు చేటు తెచ్చింది.

ఆనాడు ప్రతి ఊరిలోనూ, ప్రతి గట్టుమీదా వేపచెట్టు ఉన్నది. వేపగింజలోని అజాడిరక్టిన్ అనే పదార్థం పురుగుకు ఆకుపై రుచి లేకుండా చేస్తుంది. అది కుబుసం విడిచి ఎదగకుండా అడ్డుకొంటుంది. మనం ఉపేక్షించిన ఈ చెట్టు విలువను విదేశీయులు గ్రహించారు. వేపనూనెతో మొక్కల శిలీంధ్రాలను అరికట్టే పద్ధతిపై ఒక అమెరికన్ సంస్థ, ఆ దేశపు వ్యవసాయ శాఖతో కలిసి, ఐరోపాలో పేటెంటు పొందింది. ఇది భారతీయులు ఏనాటినుండో ఎరిగిన విద్యయే అన్న వాదాన్ని అంగీకరించి, ఐరోపా పేటెంటు కార్యాలయం 2000లో ఆ హక్కును రద్దుచేసింది. 2005లో అప్పీలును సైతం త్రోసిపుచ్చింది.

ఈ విద్యను అభ్యసించడానికి ఎకరాల భూమి అక్కరలేదు. పెరటిలో నాలుగు పాదులు, పెరడు లేనివారికి మేడపై నాలుగు కుండీలు చాలు. వేసవి చివర రాలిన వేపపండ్ల గింజలను ఎండబెట్టి, పప్పు తీసి పొడిచేయాలి. 50 గ్రాముల పొడిని గుడ్డలో మూటకట్టి, లీటరు నీటిలో రాత్రంతా నానవేసి పిండాలి. వడకట్టిన కషాయానికి కొద్దిగా సబ్బునీరు చేర్చి వంగ, బెండ మొక్కలపై చల్లాలి. ఎండకు దీని గుణం తగ్గుతుంది కనుక సాయంవేళ చల్లడం మేలు. ఇది పురుగును తక్షణమే చంపదు, ఓర్పు అవసరం. పేనుబంకను తినే అక్షింతల పురుగులు కనిపిస్తే వాటిని కాపాడుకోవాలి.

నేలకు బలమిచ్చేది జీవామృతం. అర కిలో ఆవుపేడ, అర లీటరు గోమూత్రం, నూరేసి గ్రాముల బెల్లం, శనగపిండి, గుప్పెడు గట్టుమన్ను పది లీటర్ల నీటిలో కలిపి, నీడలో రెండు రోజులు ఉంచితే అది సిద్ధమవుతుంది. ఇందులో వృద్ధిచెందిన సూక్ష్మజీవులు మట్టిని సజీవం చేస్తాయి. ఒంగోలు జాతి గోవులకు పుట్టినిల్లయిన సీమలో ఈ సామగ్రికి కొదవ ఉండరాదు. కూరగాయల తొక్కలు, ఎండుటాకులు గుంటలో మగ్గితే ఎరువు. బియ్యం కడిగిన నీరు అరటిపాదుకు చేరితే మండువేసవిలోనూ అది పచ్చగా నిలుస్తుంది.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2016 నుండి రైతు సాధికార సంస్థ ద్వారా ఇట్టి ప్రకృతి వ్యవసాయాన్ని పొలాలలో ప్రోత్సహిస్తున్నది. పెరటితోట ఆ మహాప్రయత్నానికి బాలశిక్ష వంటిది. ఇక్కడ పండే కాయలు కొద్దివే కావచ్చు. అయితే పురుగును చూడగానే విషంకోసం పరుగెత్తక, అది ఏ పురుగో, దానిని తినేది ఏదో పరిశీలించే అలవాటు ఇక్కడే అలవడుతుంది. ఆ పరిశీలన నాడు కరవైనందుకే ఈ నేల కన్నీరు చూసింది. నేటి విద్యార్థులు పెరటి చెట్టు మందుకు పనికివస్తుందని నిరూపిస్తే, సామెత అబద్ధమైనా సంతోషమే.