హెలికాప్టర్ కాళ్లు ఎందుకు ముడుచుకోదు?

సికింద్రాబాద్ అవతల హకీంపేటలో భారత వాయుసేన హెలికాప్టర్ శిక్షణ పాఠశాల ఉంది. అక్కడ ఎందరో పైలట్లు చేతక్ అనే హెలికాప్టర్ మీదే పాఠాలు నేర్చుకున్నారు. చేతక్ ఫొటో చూడండి: ముందు ఒక చక్రం, వెనక రెండు. గాల్లోకి లేచాక కూడా అలా వేలాడుతూనే ఉంటాయి.

విమానం చక్రాలను లోపలికి లాక్కుంటుంది కదా, దీనికేం బద్ధకం? బద్ధకం కాదు, లెక్క! వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగింతలవుతుంది. జెట్ విమానం గంటకు 800 కిలోమీటర్లు దాటుతుంది. చేతక్ వేగం సుమారు 200. అంత తక్కువ వేగంలో చక్రాలు ముడిచి మిగుల్చుకునే ఇంధనం కొంచెమే. ముడిచే యంత్రాంగం బరువూ మరమ్మతులూ మాత్రం తప్పవు.

అసలు కష్టం దిగేటప్పుడు. సెకనుకు 2 మీటర్ల వేగంతో నేలను తాకితే, 20 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదిలేసినట్టే. చేతక్ నిండు బరువేమో 2,200 కిలోలు! దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ వెళ్లే బైకు స్పీడ్‌బ్రేకర్ ఎక్కగానే ముందు ఫోర్కు కుంగి, మెల్లగా లేస్తుంది చూశారా? లోపలి నూనె సన్నని రంధ్రాల్లోంచి దూరుతూ కుదుపును వేడిగా మార్చేస్తుంది. హెలికాప్టర్ కాలిలోనూ అదే పని. కాకపోతే స్ప్రింగు బదులు చాలావాటిలో నైట్రోజన్ వాయువును కూరుతారు.

ఇంకో గండముంది. నేలమీద ఉండగా తిరిగే రెక్కలు కాస్త ఒకవైపు జరిగితే హెలికాప్టర్ ఊగుతుంది. ఆ ఊపూ కాళ్ల ఊపూ లయ కలిస్తే క్షణాల్లో ముక్కలే. అందుకే డిజైనర్లు టైర్లలోని గాలిని కూడా లెక్కేస్తారు.

చేతక్ తమ్ముడు చీతాకు చక్రాలే లేవు, రెండు లోహపు స్కిడ్లు. తేలికే గానీ, షెడ్డులోకి నెట్టాలంటే విడిగా చక్రాలు తగిలించాల్సిందే.