తెలియనివారి ఓటు

2019 ఏప్రిల్ 11వ తేదీ. రాష్ట్రమంతటా ఎన్నికలు. కళాశాలలో ప్రబంధాలు చెప్పుకొని బ్రతికే నన్ను ప్రిసైడింగు ఆఫీసరును చేసి, యంత్రాలూ, సిరా సీసా, లక్కా, లెక్కపెట్టలేనన్ని కవర్లూ అప్పగించి, పల్నాటి అంచున ఒక పల్లెకు పంపారు. మా కేంద్రం ఒక బడి గది. గోడ అవతలే మిరప కళ్ళం. ఎండిన కాయల ఘాటుకు అన్ని పార్టీల ఏజెంట్లూ పక్షభేదం లేకుండా తెల్లవారినప్పటి నుంచీ తుమ్ముతున్నారు.

మధ్యాహ్నం రెండు గంటల వేళ ఒక ముసలమ్మ వచ్చింది. డెబ్బై ఏళ్ళు దాటి ఉంటాయి. వేలిముద్ర వేసింది, వేలికి సిరా పెట్టించుకొన్నది, అట్ట చాటుకు వెళ్ళి ఏమాత్రం తడబడకుండా మీట నొక్కింది. కూత వినపడగానే చెంగు సర్దుకొని తలుపు వైపు నడిచింది. ఆనాడు ఓట్లు రెండు. లోక్‌సభకు ఒకటి, శాసనసభకు ఒకటి. రెండవ యంత్రం ఆమె కోసం కాచుకొని ఉన్నది.

“మామ్మా, ఇంకొకటి ఉన్నది, అది కూడా వేసి వెళ్ళు” అన్నాను.

“ఒకసారి యేశా గదయ్యా! రెండోసారి యేస్తే తప్పు గాదూ?” అన్నది.

ఇందాక వేసినది ఢిల్లీకనీ, ఇది మన శాసనసభకనీ చెప్పాను. ఆమె ముఖం మారిపోయింది. “నేను ఎమ్మెల్యేకనుకొని నొక్కానే! ఢిల్లీకి ఎవరు పోతారో నాకేం తెలుసు? ఇప్పుడు దీనికి గూడా ఆ గుర్తే నొక్కాలా, మార్చి నొక్కాలా? సదువుకున్నోడివి, చెప్పు నాయనా.”

ఏజెంట్లందరూ తుమ్ములు మాని నా నోటి వంక చూస్తున్నారు. “అది నేను చెప్పగూడదు మామ్మా, నీ ఇష్టం” అన్నాను.

“చెప్పగూడనోడివి పిలవటం ఎందుకు?” అని, నన్ను ఒక చూపు చూసి, లోపలికి వెళ్ళి ఏదో నొక్కి వెళ్ళిపోయింది.

నియమం ప్రకారం నేను చేసినది సబబే. ఓటు ఎట్లా వేయాలో నమూనా చూపించి చెప్పవచ్చు. ఎవరికి వేయాలో సైగ చేసినా నేరం. ఐనా ఆమె వేసిన ప్రశ్న నన్ను ఇన్నేళ్ళుగా వదలలేదు. తెలియనివారిని పిలిచి, బతిమాలి, ఊరేగింపులు తీసి ఓటు వేయించడం ఎందుకు?

ఈ సంగతి మా అధ్యాపకుల గదిలో చెప్పినప్పుడు ఒక మిత్రుడు తడుముకోకుండా తీర్పు చెప్పాడు. “పిలవకుండా ఉండవలసింది. వైద్యం తెలియనివాణ్ణి పట్టుకొని మందు రాయమని బతిమాలుతామా?” అన్నాడు. వినడానికి బాగానే ఉన్నది. ఐతే ఓటరు ఇక్కడ వైద్యుడు కాడు, రోగి. నొప్పి ఎక్కడున్నదో చెప్పవలసినవాడు అతడే గదా!

మా మిత్రుని వాదం కొత్తది కాదు. ఇంగ్లండులో జాన్ స్టువర్టు మిల్ అనే తత్త్వవేత్త 1861లోనే, చదవడం, వ్రాయడం, కొద్దిపాటి లెక్కలు రానివారికి ఓటు వద్దన్నాడు. చదువుకొన్నవారికి ఒకటికి మించి ఓట్లు ఉండాలన్నాడు కూడాను. ఆ దేశంలో విశ్వవిద్యాలయాల పట్టభద్రులకు పార్లమెంటులో వేరే స్థానాలు ఉండేవి. 1950 ఎన్నికలతో వాటిని తీసివేశారు. చిత్రమేమిటంటే, వారు వదిలివేసిన ఆ పద్ధతికి చెల్లెలు వంటిది సరిగా ఆ ఏడాదే అమలులోకి వచ్చిన మన రాజ్యాంగంలో చోటు చేసుకొన్నది. దాని సంగతి తరువాత చెబుతాను.

మన దేశం మాత్రం మొత్తం మీద మిల్ మాట వినలేదు. 1951-52 మొదటి సార్వత్రిక ఎన్నికలలో ఓటర్లు 17 కోట్ల 30 లక్షలు. వారిలో నూటికి 85 మంది దాకా అక్షరం రానివారు. అంతకు ముందు ఆస్తి, పన్ను, చదువు ఉన్నవారికే ఓటు. ఒక్కసారిగా కూలివాడికీ, వాడి భార్యకీ కూడా వచ్చింది. ప్రధాన ఎన్నికల కమిషనరు సుకుమార్ సేన్ ఈ జనానికి చదువు నేర్పి ఆ తరువాత ఎన్నికలు పెడదామని కూర్చోలేదు. అభ్యర్థికొక పెట్టె, పెట్టెకొక గుర్తు. జోడెద్దులు, గుడిసె, కంకీ కొడవలీ — ఇవి తెలియని పల్లెటూరివాడు ఎవడు? ఇష్టమైన పెట్టెలో కాగితం వేసి రావడమే ఓటరు పని. అంటే చదువు రాకపోవడాన్ని ఓటరు తప్పుగా ఎంచక, ఏర్పాటు చేసేవారి బాధ్యతగా ఎంచారన్నమాట. నాకు ఈ ఒక్క ఆలోచన ముందు మిల్ గ్రంథమంతా చిన్నదిగా కనిపిస్తుంది.

అక్షరాలు రాకపోవడం వేరు, విషయం తెలియకపోవడం వేరు. దీనికి సాక్ష్యం కోసం దూరం పోనక్కరలేదు. చీరాల, పేరాల గ్రామాలను కలిపి 1919లో ప్రభుత్వం మునిసిపాలిటీ చేసింది. పన్ను అనేక రెట్లు పెరుగుతుందని అక్కడి జనం, అందులో ఎంతోమంది చేనేతవారు, గ్రహించారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వాన 1921లో ఊళ్ళో ముప్పాతికకు పైగా జనం ఇండ్లు విడిచి, ఊరి బయట రామనగరం పేరుతో పాకలు వేసుకొని, ఎండకూ వానకూ ఓర్చి పదకొండు నెలలు గడిపారు. పురపాలక శాస్త్రం చదివి చేశారా ఆ పని? తమ సంపాదన ఎంతో, రాబోయే పన్ను ఎంతో తెలుసు. ఆ లెక్క చాలింది.

ఐతే తెలియనివారి ఓటులో చిక్కే లేదని నేను వాదించబోవడం లేదు. ఆస్ట్రేలియాలో 1924 నుంచి జాతీయ ఎన్నికలలో ఓటు తప్పనిసరి, మానితే జరిమానా. అభ్యర్థులందరికీ వరుసగా అంకెలు వేయాలి. విషయం పట్టనివారు ఏం చేస్తారంటే, పై పేరుకు ఒకటి, దాని కింద రెండు, మూడు అని నిచ్చెన దిగినట్లు అంకెలు వేసి ఇంటికి పోతారు. అక్కడివారు దానికి గాడిద ఓటని పేరు పెట్టారు. పేర్లు అక్షరక్రమంలో ఉన్నంత కాలం మొదటి అక్షరం పేరువారికి అది లాభించేది. కనుక 1984 నుంచి పేర్ల వరుసకు చీట్లు తీస్తున్నారు. తోలుకొచ్చి వేయించినంత మాత్రాన ఓటుకు తెలివి రాదన్నది దీనివల్ల తెలుస్తున్నది.

మనం చేసేదేమిటి? 2011 నుంచి ఏటా జనవరి 25న జాతీయ ఓటర్ల దినోత్సవం జరుపుతున్నాము. విద్యార్థుల చేత ప్రతిజ్ఞ చేయిస్తాము, ముగ్గులు వేయిస్తాము, ఓటు వజ్రాయుధమని కేకలు పెట్టిస్తూ బజారు వెంట నడిపిస్తాము. నేనూ నడిచాను, నినాదాలకు ప్రాసలు కూర్చి ఇచ్చాను కూడా (తెలుగు మేష్టరుకు తప్పుతుందా!). ఆ వజ్రాయుధం ఎవరి మీద, ఏ పనికి ప్రయోగించాలో ఒక్క నినాదంలోనూ లేదు. అది చెబితే పక్షపాతమవుతుందని భయం. అభ్యర్థి పేరు చెబితే పక్షపాతం సరే. ఏ సభకు ఏ పని ఉన్నదో చెబితే ఏ పక్షానికి నష్టం?

2024 మే 13 ఎన్నికలకు ముందు వారం మా ఊరు వెళ్ళాను. చిలకలూరిపేట దగ్గర నల్లరేగడి పల్లె. మా మేనత్త రెండెకరాలు కౌలుకు తీసుకొని మిరప వేసింది. సంతకం కూడా రాదు. ఆ రాత్రి అరుగు మీద కూర్చోబెట్టి, 2019లో ముసలమ్మకు చెప్పవలసి ఉండి చెప్పలేకపోయినదంతా చెప్పాను. రెండు యంత్రాలుంటాయి, రెండు ఓట్లూ నీవే. పింఛను, సాగరు కాలువ నీరు, గుంటూరు మిర్చి యార్డు, ఇవి రాష్ట్రం పనులు. ఎగుమతులు, దిగుమతులు, పత్తికి మద్దతు ధర, ఇవి ఢిల్లీ పనులు. ఎవరికి వేస్తావో నాకు చెప్పనక్కరలేదు.

అత్త వక్క కొరుకుతూ విన్నది. “పత్తికి ధర కట్టేది ఢిల్లీ అయితే, మిరపకెవరు కడతారురా?” అన్నది.

“మద్దతు ధర ప్రకటించే పంటల జాబితాలో మిరప లేదత్తా.”

“లేదని ఢిల్లీ పోయినోళ్ళు అడిగారా?”

నేను ఎం.ఏ. చదివాను. పాతికేళ్ళుగా ప్రతి ఎన్నికలోనూ ఓటు వేస్తున్నాను. ఆ ప్రశ్న నాకు ఒక్కసారి కూడా తోచలేదు. ఆ రాత్రి లోక్‌సభ ప్రశ్నోత్తరాల కోసం సెల్‌ఫోనులో వెదుకుతూ చాలాసేపు మేలుకొన్నాను. దొరికినంత మట్టుకు పొద్దున చదివి వినిపించాను. ఇంకా ఉన్నదేమో చూడమన్నది.

ఆ ఎన్నికలో రాష్ట్రం మొత్తం మీద నూటికి 81 మందికి పైగా ఓటు వేశారు. అన్నిటికంటె ఎక్కువ పోలైనది మన ప్రకాశం జిల్లా దర్శిలో, నూటికి 90.91. అన్నిటికంటె తక్కువ విశ్వవిద్యాలయాల ఊరైన తిరుపతిలో, 63.32. దీనికి వేరే కారణాలూ ఉండవచ్చు. చదువుకొన్నవారు పొరుగూళ్ళలో ఉద్యోగాలు చేస్తూ రాలేకపోయి ఉండవచ్చు. ఐనా బతిమాలవలసినది ఎవరినో చూచాయగా తెలుస్తూనే ఉన్నది.

ఇక ఇందాక వాయిదా వేసిన సంగతి. మన శాసనమండలిలో పన్నెండవ వంతు స్థానాలు పట్టభద్రులవి. పట్టా పుచ్చుకొని మూడేళ్ళు నిండి, దరఖాస్తు పెట్టుకొన్నవారికే అందులో ఓటు. 2025 ఫిబ్రవరి 27న కృష్ణా-గుంటూరు పట్టభద్రుల స్థానానికి పోలింగు జరిగింది. ఆ రోజుల్లోనే గుంటూరు యార్డులో మిర్చి ధర కూలిపోయింది. ముందు ఏడాదుల్లో క్వింటాలు ఇరవై వేలు దాటి పలికిన సరుకు అందులో సగానికి దిగితే, కేంద్రం జోక్యం చేసుకొని 11,781 రూపాయల ధర ప్రకటించింది. కోత కూలి ఎంత, మందులకెంత, కౌలుకెంత అని మా అత్త వేళ్ళ మీద లెక్క కట్టి చెబుతున్నది. ఆ ఎన్నికలో ఆమెకు ఓటు లేదు. ఇంజనీరింగు చదివిన ఆమె కొడుక్కు ఉన్నది, నాకు ఉన్నది.

ఇందులో యంత్రం ఉండదు, కాగితమే. అక్కడ ఇచ్చిన ఊదా రంగు కలంతో మనకు నచ్చిన అభ్యర్థి పేరు ఎదుట 1 అంకె వేయాలి. కావాలంటే తరువాతివారికి 2, 3. టిక్కు పెట్టినా, సంతకం చేసినా, అంకెకు బదులు ఒకటి అని అక్షరాలలో వ్రాసినా ఓటు చెల్లదు. ఇంతే నియమం. లెక్కింపులో తేలినదేమిటంటే, పోలైన రెండు లక్షల 40 వేల పైచిలుకు ఓట్లలో 26 వేలకు పైగా చెల్లలేదు. ఇంచుమించు తొమ్మిదింట ఒకటి! ఒక్కరికైనా వేలిముద్ర అవసరం లేని ఎన్నిక అది.

ఆ లెక్క పత్రికలో వచ్చిన రోజున మా బావమరిది మెల్లగా, “నేనూ టిక్కు పెట్టాను బావా” అన్నాడు. ఊళ్ళో ఎవరికీ చెప్పవద్దన్నాడు. లోపల కాయలకు తొడిమలు తీస్తున్న మా అత్త విననే విన్నది.

“నాకు రెండు మిషన్ల సంగతి రాత్రి పొద్దుపోయిందాకా చెప్పావే, వాడికి ఒక్క కాగితం సంగతి చెప్పలేకపోయావంట్రా?” అన్నది.