బ్రేకు సామానులో ‘సర్దుబాటు’ పనికిరాదు
పాత భాగం చేతిలో, ఆర్.సి. జేబులో వుంటేనే సరైన సామాను దొరుకుతుంది

ఓర్వకల్లు: కారుకు ఇంజను చెడితే బండి ఇంటి ముందే నిలిచిపోతుంది. యజమానికి ఖర్చు తప్ప ప్రాణాపాయం వుండదు. బ్రేకు చెడిన బండి మాత్రం పోతూనే వుంటుంది, ఆపవలసిన చోట ఆగదు. అందువల్లనే బ్రేకు సామాను కొనేటప్పుడు మిగతా సామానుకు చూపించే ఉదాసీనత చూపించరాదని అనుభవజ్ఞులైన మెకానిక్కులు పదే పదే చెబుతుంటారు.

ఓర్వకల్లు మండలంలోని గ్రామాలకు కర్నూలు - నంద్యాల రోడ్డే పెద్ద ఆధారం. ఇప్పుడది నాలుగు వరసల జాతీయ రహదారి. బేతంచెర్ల నాపరాళ్ల లారీలు, పాణ్యం వైపు నుంచి వచ్చే సరుకు బండ్లు, బస్సులు రాత్రింబగళ్లు తిరుగుతుంటాయి. 2021 మార్చి 25న ఓర్వకల్లు విమానాశ్రయం ప్రారంభమైన తర్వాత కార్ల రాకపోకలకు మరో కారణం తోడైంది. శివరాత్రికి కాల్వబుగ్గకు, తక్కిన రోజుల్లో మహానందికి, యాగంటికి, అహోబిలానికి బాడుగ కార్లు పోతూనే వుంటాయి. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే కారు ఒక్క సెకనులో 22 మీటర్ల దూరం దాటుతుంది. గొర్రెల మంద అడ్డు వచ్చినప్పుడు బ్రేకు అర సెకను ఆలస్యంగా పట్టినా 11 మీటర్లు ముందుకు పోయినట్టే లెక్క.

పల్లెటూళ్లలో బ్రేకు మరమ్మతుకు మరొక చిక్కు వున్నది. బ్రేకు చెడిన కారును దుకాణం వద్దకు తోలుకుపోయే వీలు లేదు. కారు వూళ్లోనే వుంటుంది. సామాను కోసం యజమానో, డ్రైవరో, మెకానిక్కు దగ్గర పనిచేసే కుర్రవాడో బస్సెక్కి కర్నూలో నంద్యాలో పోవాలి. తెచ్చిన సామాను సరిపోకపోతే మళ్లీ బస్సు ఛార్జీలు, మరో రోజు బాడుగ నష్టం. అప్పుడే ‘కాస్త రాకితే సరిపోతుందిలే’, ‘రెండు రోజులు సర్దుకుందాములే’ అనే మాట వస్తుంది. చాలా ప్రమాదాలకు బీజం ఆ మాటలోనే పడుతుంది. మొదటి బస్సుకే సరైన సామాను తెచ్చుకుంటే ఆ మాటకు అవకాశమే వుండదు.

పేరు చెబితే చాలదు

దుకాణం ముందు నిలబడి ‘ఫలానా కారుకు బ్రేకు షూలు ఇవ్వండి’ అనడం అందరికీ అలవాటు. కాని ఒకే పేరుతో అమ్మిన కార్లన్నిటికీ ఒకే బ్రేకులు వుండవు. అంబాసిడర్ కారునే తీసుకుంటే, పాత మార్క్ మోడళ్లకు నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే వుండేవి. 1990ల తర్వాత వచ్చిన వాటిలో కొన్నిటికి ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు వచ్చాయి. కారు పేరు ఒకటే, సామాను మాత్రం వేరు. తర్వాతి కాలపు కార్లలోనూ తయారైన ఏడాదిని బట్టి, పెట్రోలా డీజిలా అన్నదాన్ని బట్టి, ఎ.బి.ఎస్. వున్నదా లేదా అన్నదాన్ని బట్టి భాగాలు మారుతుంటాయి.

అందువల్ల దుకాణదారుకు చెప్పవలసింది పేరు కాదు, ఛాసిస్ నంబరు. ఇప్పటి కార్లకు ఇది అంకెలు, అక్షరాలు కలిపి 17 వుంటుంది. పాత బండ్లకు ఇంతకంటె తక్కువ వుండవచ్చు. ఆర్.సి.లో ఈ నంబరుతో పాటు బండి తయారైన నెల, సంవత్సరం కూడా వుంటాయి. కంపెనీ దుకాణాల్లో ఈ నంబరు చెబితే ఆ బండికి సరిపోయే పార్టు నంబరు తీసి ఇస్తారు. ఆర్.సి. వెంట తీసుకుపోలేనివారు సెల్‌ఫోనులో ఫొటో తీసుకున్నా చాలు.

తయారైన తేదీకి ఎంత విలువ వున్నదో 2022లో జరిగిన సంగతి తెలియజేస్తుంది. ఆ ఏడాది అక్టోబరులో మారుతీ సుజుకీ సంస్థ వ్యాగన్ ఆర్, సెలెరియో, ఇగ్నిస్ కార్లు 9,925 వెనక్కు పిలిపించింది. వెనక బ్రేకు అసెంబ్లీలోని ఒక పిన్నులో లోపం వుండవచ్చునని, దానిని ఉచితంగా మార్చి ఇస్తామని ప్రకటించింది. ఆ కార్లన్నీ 2022 ఆగస్టు 3 నుంచి సెప్టెంబరు 1 వరకు తయారైనవే. అంతకు ముందు నెలలో తయారైన అదే కారుకు ఆ సమస్య లేదు. సొంతానికి సెకండ్‌హ్యాండు కారు కొన్నవారు, తమ బండి ఇలాంటి జాబితాలో వున్నదేమో ఛాసిస్ నంబరుతో కంపెనీ వర్క్‌షాపులో విచారించుకోవడం మంచిది. ఉచితంగా జరగవలసిన పనికి డబ్బు పెట్టుకోనక్కరలేదు.

పాత భాగాన్ని పారవేయరాదు

బస్సెక్కేముందు విప్పిన పాత భాగాన్ని గుడ్డలో చుట్టి వెంట తీసుకుపోవాలి. కంటికి ఒకేలా కనిపించే సామానులో తేడాలు అక్కడే బయటపడతాయి. వీల్ సిలిండరు లోపలి కొలత ముప్పావు అంగుళం, అంటే 19.05 మిల్లీమీటర్లు అనుకుంటే, దాని తర్వాతి సైజు 20.64 మిల్లీమీటర్లు. తేడా ఒకటిన్నర మిల్లీమీటరు మాత్రమే. కాని చిన్న రబ్బరు కప్పు పెద్ద సిలిండరులో వేస్తే ఆయిలు కారిపోతుంది. పెద్దది చిన్నదానిలో దూర్చితే బిగుసుకుపోయి బ్రేకు వదలదు. సిలిండరు మీద పోత పోసిన అంకెలను తుడిచి రాసుకోవాలి.

షూలయితే వెడల్పు, వంపు, స్ప్రింగులు తగిలించే రంధ్రాలు పాతవాటి పక్కన పెట్టి సరిచూసుకోవాలి. కొన్ని బండ్లకు ముందు షూ లైనింగుకు, వెనక షూ లైనింగుకు పొడవులో తేడా వుంటుంది. రెండూ ఒకటే అనుకుని తారుమారు చేస్తే బ్రేకు సరిగా పట్టదు. డిస్కు ప్యాడ్లయితే ఆకారంతో పాటు మందం, పక్కన వుండే క్లిప్పులు చూడాలి. ప్యాడు మీది లైనింగు 3 మిల్లీమీటర్లకు వచ్చిందంటే మార్చవలసిన సమయం వచ్చినట్టే.

ఒక్క షూలు మార్చినంత మాత్రాన పని పూర్తికాదు. డ్రమ్ము మీద అది ఎంతవరకు అరగవచ్చునో, డిస్కు మీద ఎంత పలచబడవచ్చునో హద్దు కొలత పోతపోసి వుంటుంది. ఆ హద్దు దాటిన డ్రమ్ములో కొత్త షూలు వేసినా ప్రయోజనం లేదు.

పెట్టె చూసి మోసపోరాదు

కారు కంపెనీలు బ్రేకు సామానులో చాలా భాగం తామే తయారుచేయవు. వేరే కర్మాగారాల నుంచి తెప్పించుకుంటాయి. చెన్నై పాడిలోని బ్రేక్స్ ఇండియా సంస్థ 1962 నుంచి ఈ పనిలో వున్నది. ఇటువంటి తయారీదారులు తమ సొంత పేరుతో కూడా దుకాణాల్లో సామాను అమ్ముతారు. కనుక కారు కంపెనీ పెట్టె లేనంత మాత్రాన అది నాసిరకం కాదు. కంపెనీ అమ్మకం ఆపేసిన పాత బండ్లకు ఇదే దారి. అంబాసిడర్, మారుతీ 800 తయారీ 2014లోను, టాటా సుమో తయారీ 2019లోను నిలిచిపోయాయి. అవి నడిపేవారు తయారీదారు పేరు, పార్టు నంబరు తెలుసుకుని అడగడం అవసరం.

అసలు బెడద నకిలీ సామానుతోనే. పేరున్న పెట్టెను పోలిన పెట్టెలో, అక్షరాలు ఒకటి అటూ ఇటూ మార్చి పెట్టిన సామాను సగం ధరకు అంటగడతారు. ఆ లైనింగు వేడెక్కగానే జారిపోవచ్చు, లేదా షూ నుంచి వూడిరావచ్చు. పెట్టె మీద తయారీదారు పేరు, చిరునామా, తయారైన నెల, సంవత్సరం, గరిష్ఠ చిల్లర ధర, ఫిర్యాదు చేయవలసిన ఫోను నంబరు వుండాలి. పెట్టె మీది పార్టు నంబరు, లోపలి భాగం మీది నంబరు ఒకటేనా అని చూడాలి. వేరొకరి ట్రేడ్‌మార్కుతో నకిలీ సరుకు అమ్మినవారికి 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా పడుతుంది.

ఏ నూనె పడితే ఆ నూనె పోయరాదు

బ్రేకు ఆయిలు పేరుకు ఆయిలే గాని ఇంజను ఆయిలుతో దానికి పోలిక లేదు. ఇంజను ఆయిలు పోస్తే రబ్బరు కప్పులు ఉబ్బి, మాస్టర్ సిలిండరు నుంచి చక్రాల వరకు వున్న రబ్బరు సామానంతా మార్చవలసి వస్తుంది. ఆయిలు డబ్బా మూత మీద డాట్-3 అని వున్నదా, డాట్-4 అని వున్నదా చూసి అదే కొనాలి.

ఈ ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్-3 ఆయిలు 205 డిగ్రీల సెంటీగ్రేడు వరకు మరగకుండా వుండాలని ప్రమాణం. తేమ పట్టిన తర్వాత అది 140 డిగ్రీల వద్దనే మరగవచ్చు. దోర్నాల నుంచి శ్రీశైలం పోయే ఘాటులో దిగుతూ బ్రేకు తొక్కుతూనే వుంటే వేడి పెరిగి, ఆయిలు మరిగి, పెడలు నేలకు తగులుతుంది. అందుకే ఆయిలును రెండేళ్లకొకసారి మార్చాలని, నెలల తరబడి మూత తెరచి వుంచిన సీసాలోది పోయరాదని చెబుతారు.

దుమ్మును నోటితో వూదరాదు

డ్రమ్ము విప్పగానే లోపలి దుమ్మును నోటితోనో, గాలి పంపుతోనో వూదడం మెకానిక్కుల అలవాటు. పాత లైనింగుల్లో రాతినార వుండేది. పులివెందుల ప్రాంతపు గనుల వల్ల రాతినార పేరు కడప జిల్లావారికి కొత్త కాదు. ఆ పొడి వూపిరితిత్తుల్లో చేరితే ఏళ్ల తర్వాత క్యాన్సరు వంటి ప్రాణాంతక వ్యాధులు రావచ్చు. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను పారవేయడమే క్షేమం. పిల్లలను దగ్గరకు రానివ్వరాదు.

బిగించిన తర్వాత

షూలు గాని ప్యాడ్లు గాని ఒక్క చక్రానికి మార్చరాదు. కుడి ఎడమలు రెండిటికీ కలిపి మార్చకపోతే బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది. గొట్టాల్లో గాలి లేకుండా తీయాలి. బండి కదిలించకముందే పెడలును పలుమార్లు తొక్కి గట్టిపడిందో లేదో చూడాలి. మొదట ఖాళీ స్థలంలో నిదానంగా తోలి పరీక్షించుకోవాలి. కొత్త లైనింగు డ్రమ్ముకు కుదురుకునేదాకా రెండు మూడు వందల కిలోమీటర్ల వరకు గట్టిగా బ్రేకు వేసే పరిస్థితి తెచ్చుకోరాదు.

బిల్లు వుంటేనే హక్కు

‘బిల్లు లేకుంటే కాస్త తగ్గిస్తాము’ అన్న మాటకు ఆశపడితే తర్వాత అడిగే హక్కు పోతుంది. పార్టు నంబరు రాసిన బిల్లు, ఖాళీ పెట్టె రెండూ దాచుకోవాలి. సామాను నాసిరకమని తేలితే 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు చేయవచ్చు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, కొనుగోలుదారు తాను నివసించే జిల్లాలోనే కమిషన్‌కు ఫిర్యాదు చేసుకోవచ్చు. హైదరాబాదులో కొన్నా, ఇంటర్నెట్‌లో తెప్పించుకున్నా ఓర్వకల్లు వాసి కర్నూలులోనే కేసు వేయవచ్చునన్న మాట. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల లోపు అయితే రుసుము లేదు. గడువు రెండేళ్లు.

బాడుగ కార్లకు ఫిట్‌నెస్ పరీక్ష ఎలాగూ వున్నది. ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకొకసారి, ఆ తర్వాత ఏటా బండి చూపించుకోవాలి. కాని పరీక్ష జరిగేది ఒక్క రోజు. తక్కిన రోజుల్లో బ్రేకు సంగతి చూసుకోవలసింది బండి నడిపేవారే. కనుక బస్సెక్కేముందు ఆర్.సి., పాత భాగం, రాసుకున్న కొలతలు ఈ మూడూ సంచిలో వున్నాయో లేదో చూసుకోవాలి. దుకాణంలో దొరికింది సరిపోకపోతే వట్టి చేతులతో తిరిగి రావాలే గాని, సరిపోని సామాను బిగించి రోడ్డెక్కరాదు.