చక్రం వంటి క్రిమి

చంటిపిల్లలున్న ఇంట్లో ఏడాదికి నాలుగైదుసార్లయినా జలుబో, జ్వరమో రాకమానదు. పసివారి శరీరానికి చాలా క్రిములు కొత్తవి. ఒక క్రిమి తొలిసారి సోకినపుడు దానిని గుర్తించి ఎదుర్కోవడం శరీరం నేర్చుకుంటుంది. దీనినే వ్యాధి నిరోధక శక్తి అంటారు. తట్టు, ఆటలమ్మ, గవదబిళ్ళలు, కోరింతదగ్గు అనే పేర్లు పెద్దల నోట వినేవే. బెంగళూరులోని తెలుగు పిల్లలు తట్టును 'దడార' అనీ, గవదబిళ్ళలను 'మంగనబావు' అనీ ఇరుగుపొరుగువారు చెప్పుకోగా కూడా వింటారు.

నీళ్ళ విరేచనాలకు మాత్రం ఇటువంటి ప్రత్యేకమైన పేరు లేదు. పళ్ళు వస్తున్నాయనో, దిష్టి తగిలిందనో సరిపెట్టుకోవడం వాడుక. కాని పసివారి ప్రాణాలు తీసిన జబ్బులలో ఇది ముందు వరుసలో ఉంది.

విరేచనాలు కలిగించే క్రిములు అనేకం. పసిపిల్లలలో వాటికి ముఖ్య కారణమైన ఒక వైరస్‌ను 1973లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరంలో రూత్ బిషప్, ఆమె సహచరులు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో కనుగొన్నారు. అది బండిచక్రంలా గుండ్రంగా, ఆకులు అమర్చినట్లు కనిపించింది. లాటిన్ భాషలో 'రోటా' అంటే చక్రం. అందుచేత దానికి రోటావైరస్ అని పేరు వచ్చింది. చేతులు కడుక్కోవడం, మంచినీరు తాగడం ఎన్నో జబ్బులను ఆపుతాయి. ఈ వైరస్‌ను మాత్రం అవి పూర్తిగా ఆపలేవు. సంపన్న దేశాల పిల్లలకు కూడా ఇది సోకుతుంది.

ఈ వైరస్ చిన్న ప్రేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది. వాంతులు, జ్వరం, నీళ్ళ విరేచనాలు మొదలవుతాయి. ప్రాణానికి ముప్పు తెచ్చేది శరీరంలోని నీరు, లవణాలు తరిగిపోవడమే. కళ్ళు లోతుకు పోవడం, మూత్రం రాకపోవడం, పొట్టమీద చర్మాన్ని పట్టి వదిలితే మెల్లగా సర్దుకోవడం ప్రమాద సూచనలు. అప్పుడు ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకుపోవాలి. విరేచనాలు అవుతున్నాయని నీళ్ళు, తల్లిపాలు మానిపించేవారు నేటికీ ఉన్నారు. దీనివల్ల బిడ్డకు మరింత హాని జరుగుతుంది.

ప్రేగు ఉప్పును, గ్లూకోజును కలిసి ఉన్నప్పుడు బాగా పీల్చుకుంటుంది. వాటి వెంట నీరూ లోపలికి పోతుంది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలంలో బన్‌గావ్ కాందిశీకుల శిబిరంలో కలరా చెలరేగింది. సెలైన్ సీసాలు చాలలేదు. డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీటిని రోగుల చేత తాగించారు. నూటికి ముప్పై మంది దాకా చనిపోతున్న చోట మరణాలు నలుగురి లోపుకు తగ్గాయి. నేడు మందుల షాపులలో దొరికే ఓ.ఆర్.ఎస్. పొట్లం వెనుక ఉన్న సూత్రం ఇదే. పెద్ద పొట్లాన్ని ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలిపి, ఒకరోజు లోపల వాడాలి.

టీకా కథలో బెంగళూరుకు కూడా చోటుంది. ఇక్కడి ఆసుపత్రులలో పుట్టిన కొందరు శిశువులకు రోటావైరస్ సోకినా విరేచనాలు కాలేదు! భారతీయ విజ్ఞాన సంస్థలో దుర్గారావు, ఆయన సహచరులు ఆ వైరస్‌ను పరిశీలించి 'ఐ 321' అని పేరు పెట్టారు. దాని పై పొరలోని ప్రోటీన్లు ఆవులకు సోకే రోటావైరస్ ప్రోటీన్లను పోలి ఉండటం విశేషం. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టర్ ఎం.కె. భాన్ బృందం కూడా నవజాత శిశువులలో '116ఈ' అనే మరొక రకాన్ని కనుగొంది. ఆ శిశువులకూ జబ్బు చేయలేదు. జబ్బు చేయని వైరస్ జబ్బు నుండి కాపాడగలదా అన్నది ప్రశ్న.

రెండింటినీ టీకాలుగా పరీక్షించారు. బెంగళూరు రకం ఆశించినంత నిరోధక శక్తిని కలిగించలేదు. ఢిల్లీ రకం నెగ్గింది. దానితో హైదరాబాదులోని భారత్ బయోటెక్ సంస్థ 'రోటావాక్' చుక్కలను తయారుచేసింది. ఢిల్లీ, పూణే, వేలూరులలో 6,799 మంది శిశువులపై జరిగిన పరీక్షలో తొలి ఏడాది తీవ్రమైన రోటావైరస్ జబ్బు సగానికి పైగా తగ్గింది. 2016లో ఈ టీకాను మొదట ఇవ్వసాగిన నాలుగు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

నేడు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో రోటావైరస్ టీకాను ఆరు, పది, పద్నాలుగు వారాల వయసులో నోటి ద్వారా ఉచితంగా వేస్తారు. అది ఇతర క్రిముల వల్ల వచ్చే విరేచనాలను ఆపదు. కనుక చుక్కలు వేయించిన ఇంట్లోనూ ఓ.ఆర్.ఎస్. పొట్లం ఉంచుకోవలసిందే.