పని మొదలుకాక ముందే కబురు



మన రాంగోపాల్‌పేట్‌లో పాత యిల్లు పడగొట్టి, ఆ చోటనే నాలుగైదు అంతస్తులు లేపడం కొత్తేమీ కాదు. ప్రక్క స్థలంలో పలుగూ పారా దిగిందంటే మనకి ముందుగా గుర్తొచ్చేవి దుమ్మూ, చప్పుడూను. ఆరేసిన బట్టలు తీసుకుంటాం, కిటికీ తలుపులు బిగించుకుంటాం. కాని ఆ పని మొదలు కాకముందే ప్రభుత్వానికి ఒక కాగితం చేరి వుండాలని మనలో ఎంతమందికి తెలుసు? ఇవాళ ఆ కాగితం సంగతే చెప్పుకుందాం.

“మునిసిపాలిటీ అనుమతి తీసుకున్నారుగదండీ, యింకేం కావాలి?” అని మీరనవచ్చు. అదీ యిదీ వేరు. మునిసిపాలిటీ వారు చూసేది కట్టబోయే భవనాన్ని: ఎన్ని అంతస్తులు, రోడ్డుకి ఎంత ఎడం, అలాంటివి. ఆ భవనం కట్టే మనుషుల క్షేమం చూడవలసింది కార్మిక శాఖ. అక్కడ పని జరుగుతున్నదని ఎవరూ చెప్పకపోతే ఇన్‌స్పెక్టరుకి తెలిసేదెలా?

అందుకని 1996లో వచ్చిన భవన నిర్మాణ కార్మికుల చట్టం ఒక నియమం పెట్టింది. పదిమందీ అంతకు మించీ పనివాళ్ళు వుండే చోట, పని మొదలుపెట్టడానికి కనీసం 30 రోజుల ముందు యజమాని ఇన్‌స్పెక్టరుకి రాతపూర్వకంగా తెలపాలి. పని ఎక్కడ, ఎటువంటిది, ఏ యంత్రాలు వాడతారు, ఎంతమంది పనివాళ్ళు, బాధ్యత ఎవరిది, ఎన్నాళ్ళు పడుతుంది, పేలుడు సామాను వాడేట్టయితే ఎక్కడ దాస్తారు - యివన్నీ అందులో వుండాలి. మధ్యలో ఏదైనా మారితే రెండురోజుల్లో ఆ మార్పు తెలపాలి. చెప్పకపోతే మూడునెలల దాకా జైలో, రెండువేల దాకా జరిమానాయో, లేదా రెండూనో. కట్టడమే కాదు, మరమ్మతూ, కూల్చివేతా కూడా ఈ చట్టం కిందికే వచ్చాయి.

2025 నవంబరు 21 నుంచి ఈ చట్టం స్థానంలో వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల స్మృతి అమల్లోకి వచ్చింది. కబురు చెప్పాలన్న నియమం అందులోనూ వుంది. ఏ ఫారంలో, ఎవరికి, ఎంత గడువులోపల అన్నది ప్రభుత్వ నియమాలు నిర్ణయిస్తాయి. బ్రిటన్‌లోనూ యిటువంటి పద్ధతే వుంది. పని 30 పనిదినాలు దాటి, ఒకేసారి 20 మందికి మించి పనివాళ్ళుంటే అక్కడ ముందుగా తెలిపి తీరాలి.

ముందుగానే ఎందుకంటారా? వందమందికి భోజనాలు పెట్టేవాళ్ళం, అతిథులు విస్తళ్ళ ముందు కూర్చున్నాక బియ్యం కొలుచుకుంటామా? సెల్లారుకి లోతుగా తవ్వేటప్పుడు ప్రక్కగోడకి ఆనిక పెట్టారా, పరంజా గట్టిగా కట్టారా, పడగొట్టేముందు కరెంటూ గ్యాసూ నీళ్ళూ ఆపించారా అన్నది పని మొదలుకాక ముందే చూడాలి. మట్టి విరిగి పడ్డాక వచ్చే ఇన్‌స్పెక్టరు రాసుకునేది పంచనామాయే.

మన పేటలోనే, మినిస్టర్ రోడ్డులో, 2023 జనవరి 19న దక్కన్ మాల్ భవనం తగలబడింది. లోపల చిక్కుకున్న ముగ్గురు పనివాళ్ళు తిరిగి రాలేదు. మంటలు ఆరాక భవనం నిలవదని తేల్చి కూల్చివేశారు. ఆనుకుని వున్న బస్తీ వాళ్ళు యిళ్ళు ఖాళీ చేయవలసి వచ్చింది. కాలిన భవనాన్ని కూల్చడమంటే కట్టడం కంటే ప్రమాదం. ఏ గోడ ఎప్పుడు ఎటు వాలుతుందో చెప్పలేం. కూల్చివేతకీ కబురు కావాలని ఎందుకన్నారో దీన్ని బట్టి తెలుస్తుంది.

ఇక ఫ్యాక్టరీల మాట. 2025 నవంబరు దాకా అమల్లో వున్న 1948 ఫ్యాక్టరీల చట్టం ప్రకారం స్థలాన్ని వాడడానికి 15 రోజుల ముందు చీఫ్ ఇన్‌స్పెక్టరుకి నోటీసు పంపవలసి వుండేది. భోపాల్ ఘోరం 1984లో జరిగాక, 1987లో ఆ చట్టాన్ని సవరించారు. ప్రమాదకరమైన పనులు చేసే ఫ్యాక్టరీవారు ప్రమాదాలేమిటో, జాగ్రత్తలేమిటో పనివాళ్ళకే కాదు, చుట్టుప్రక్కల కాపురముండేవారికి కూడా తెలపాలన్నారు. 1989 నియమాల ప్రకారం ప్రమాదకర రసాయనాలు పెద్దమొత్తంలో వాడేవారు మూడునెలల ముందు నివేదిక యివ్వాలి. అయినా ఏమయింది? 2020 మే 7న తెల్లవారుజామున విశాఖపట్నంలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి బయటపడి 12 మంది పోయారు. సైరను మోగించలేదని ప్రభుత్వం వేసిన కమిటీ తేల్చింది. ప్రక్కన ఏమున్నదో, అది లీకయితే ఎటు పరుగెత్తాలో తెలియడం ఆ యిళ్ళల్లోని తల్లుల హక్కు.

“యజమాని” అనగానే ఎవరో పెద్ద సేటుగారనుకోకండి. మనం సొంత యిల్లు కట్టించుకుంటున్నాం అనుకోండి. పాత చట్టంలో పదిలక్షల లోపు సొంత యింటికి మినహాయింపు వుండేది. కొత్త స్మృతిలో అది యాభైలక్షలయింది. అంతకు మించిన ఖర్చయి, పదిమంది పనివాళ్ళుంటే మనకీ వర్తిస్తుంది. “అన్నీ మేస్త్రీ చూసుకుంటాడు” అని వదిలేయకండి. కబురు ఎవరు పంపుతున్నారో కంట్రాక్టరుని అడిగి, దాని నకలు యింటి పత్రాలతో దాచుకోండి.

మరో మాట. పనివాళ్ళ సంక్షేమ నిధికి ఖర్చులో నూటికి ఒక రూపాయి సెస్సు కట్టాలి. పేరు నమోదయిన కార్మికుడికి ఏమైనా అయితే అతని కుటుంబానికి సాయం అందేది ఆ నిధి నుంచే. మన యింట్లో గిన్నెలు తోమే అమ్మాయి భర్త ఏ పరంజా మీదనో పనిచేస్తూ వుండవచ్చు. అతని పేరు నమోదయిందో లేదో ఆమెని ఒకసారి అడగండి. లేకపోతే కార్మిక శాఖ ఆఫీసుకి వెళ్ళమని చెప్పండి.

మీ ప్రక్కన తవ్వకం మొదలయితే కంట్రాక్టరుని మూడు సంగతులు అడగండి: కార్మిక శాఖకి తెలిపారా? మా గోడకి ఆనిక ఏం పెడుతున్నారు? రాత్రివేళ ఏదైనా అయితే పిలవవలసింది ఎవరిని? జవాబు రాకపోతే ప్రక్కవాళ్ళతో కలిసి ఒక అర్జీ రాసి కార్మిక శాఖకీ, మునిసిపాలిటీకీ యివ్వండి. రసీదు తీసుకోవడం మరిచిపోకండి.