వ్యవసాయ యంత్రాల్లో కంపనాలను తట్టుకునే నట్లు: ఎంపిక, బిగింపు

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో వరి, పత్తి, మొక్కజొన్న సాగుకు రోటవేటర్లు, కోత యంత్రాలు, నూర్పిడి యంత్రాలు వినియోగిస్తున్నారు. పని ముమ్మరంగా సాగే రోజుల్లో ఒక్క నట్టు ఊడినా యంత్రం ఆగి అదును తప్పుతుంది. తిరుగుతున్న బ్లేడు విడివడితే సమీపంలోని వారి ప్రాణానికే ముప్పు. కావున ఈ విషయంపై రైతులకు, డ్రైవర్లకు అవగాహన కల్పించడం అవసరం.

నట్టు ఎందుకు వదులవుతుంది?

నట్టును బిగించినప్పుడు బోల్టు స్వల్పంగా సాగి, స్ప్రింగు వలె భాగాలను అదిమి ఉంచుతుంది. ఈ ఒత్తిడి వల్ల కలిగే ఘర్షణే నట్టును నిలుపుతుంది. ట్రాక్టరు పీటీఓ షాఫ్టు సాధారణంగా నిమిషానికి 540 సార్లు, అనగా సెకనుకు 9 సార్లు తిరుగుతుంది. ఈ కంపనాలకు రాళ్ల తాకిడి తోడైతే బిగించిన భాగాలు అడ్డంగా జారుతాయి. జారిన ప్రతిసారీ థ్రెడ్ల మధ్య పట్టు సడలి నట్టు కొద్దికొద్దిగా వెనక్కి తిరుగుతుంది. జర్మన్ ఇంజనీరు గెర్హార్డ్ యుంకర్ 1969లో ఈ అడ్డు కదలిక ప్రాధాన్యాన్ని ప్రయోగపూర్వకంగా చూపారు. అటువంటి పరీక్షల్లో సాధారణ స్ప్రింగ్ వాషరు నట్టు వదులుకావడాన్ని ఆపలేకపోయింది. కనుక స్ప్రింగ్ వాషరు ఉన్నదన్న ధీమా తగదు.

ఎక్కడ ఏది వాడాలి?

• నైలాక్ నట్టు: లోపలి నైలాన్ వలయం థ్రెడ్లను పట్టి, బిగువు తగ్గినా నట్టు ఊడిపోకుండా కాపాడుతుంది. బోల్టు కొన వలయాన్ని దాటి బయటకు రావాలి. విప్పిన నట్టుకు పట్టు తగ్గుతుంది కాబట్టి కొత్తది వేయాలి. సుమారు 120 డిగ్రీల సెల్సియస్ దాటే సైలెన్సరు వంటి చోట్ల పూర్తి లోహపు లాక్ నట్టు మేలు.

• కాసిల్ నట్టు, స్ప్లిట్ పిన్: చక్రాల ఇరుసులకు, స్టీరింగు కీళ్లకు అనువైనవి.

• జంట నట్లు: పలుచని నట్టును ముందుగా బిగించి, దానిని పానాతో కదలకుండా పట్టుకొని, మందపాటి నట్టును దానిపై బిగించాలి.

బిగింపులో జాగ్రత్తలు

ఇంజను ఆపి, తాళం చెవి తీసిన తరువాతే యంత్రాన్ని తాకాలి. మట్టి, తుప్పు, రంగు తొలగించి, తయారీదారు పుస్తకంలో సూచించిన టార్కుతో బిగించాలి. బోల్టు తలపై గల 8.8 వంటి అంకె దాని బలాన్ని తెలుపుతుంది. అరిగిన బోల్టు స్థానంలో అంతకు తక్కువ రకం వేయరాదు. కొత్త బ్లేడ్లు అమర్చినప్పుడు మొదటి కొద్ది గంటల పని తరువాత మళ్లీ పరీక్షించాలి. నట్టు, బోల్టుల మీదుగా పెయింటుతో ఒకే గీత గీస్తే, గీత తప్పినప్పుడు నట్టు తిరిగినట్లు కంటితోనే తెలుస్తుంది. ఏ లాక్ నట్టూ సరైన బిగింపుకు ప్రత్యామ్నాయం కాదు.