అక్క ఏమన్నది?
(కథలో మాటకూ, మనసుకూ గుర్తులు)

రెండేళ్ళ క్రితం సంగతి. మన సంచికకు ఒక విద్యార్థిని కథ ఇచ్చింది. అక్కచెల్లెళ్ళిద్దర్నీ ఒకే ఇంటి అన్నదమ్ములకిచ్చి ఒకే ముహూర్తానికి పెళ్ళిళ్ళు చేసేద్దామని పెద్దలు నిశ్చయిస్తారు. కథ చెప్పేది చెల్లెలు. తాంబూలాలు పుచ్చుకునే వేళకు, అంతదాకా తలవంచుకు కూర్చున్న అక్క మొదటిసారి నోరు విప్పుతుంది. వ్రాతప్రతిలో ఇలా ఉంది:

అక్క, “నాకీ పెళ్ళి వద్దు” అంది.

ప్రూఫులు దిద్దినవాణ్ణి నేనే. ఆ ‘వద్దు’, ‘అంది’ విడివిడిగా ఎబ్బెట్టుగా తోచాయి. తెలుగన్నాక సంధి ఉండాలి గదా అని కలిపేశాను. అచ్చులో ఇలా వచ్చింది:

అక్క నాకీ పెళ్ళి వద్దంది.

సంచిక చేతికొచ్చిన వారంలో నలుగురైదుగురు అడిగింది ఒకటే: “ఆ అక్కకి చెల్లెలంటే ఎందుకండీ అంత అసూయ?” చెల్లెలి పెళ్ళికి అక్క అడ్డుపడిందని చదువుకున్నారు. ‘నాకు’ అంటే కథ చెబుతున్న చెల్లెలికి అని అర్థం వచ్చేసింది మరి! రచయిత్రి నా గదికి వచ్చింది. కోప్పడలేదు. “కథ మొత్తంలో మా అక్క మాట్లాడేది ఒక్క మాటండి సార్. అదీ తీసేసుకున్నారు” అని వెళ్ళిపోయింది. (‘మా అక్క’ అంది. ‘కథలో అక్క’ అనలేదు. నేను రెట్టించలేదు.)

అప్పట్నుంచీ ఈ కొటేషన్ మార్కుల వ్యవహారం నా బుర్రను తొలుస్తూనే ఉన్నది. కథలు రాసే మిత్రులకు పనికొస్తుందేమోనని ఇక్కడ విన్నవించుకుంటున్నాను.

హైస్కూల్లో మనమంతా డైరెక్ట్ స్పీచినీ, ఇన్‌డైరెక్ట్ స్పీచినీ వల్లె వేసినవాళ్ళమే. ఇంగ్లీషులో మార్కులు తీసేస్తే ‘ఐ’ కాస్తా ‘హి’ అయిపోవాలి, ‘విల్’ కాస్తా ‘వుడ్’ అయిపోవాలి. మన భాషలో ఆ తంటా లేదు. “రేపు వస్తాను” అన్నాడు, రేపు వస్తానన్నాడు. క్రియ కదల్లేదు! ఒకరి మాటను మనం పరోక్షంగా చెప్పినా, వాళ్ళ నోటి మాట చాలామటుకు అలాగే ఉండిపోతుంది. ‘తను వస్తానన్నాడు’ అని కూడా అంటాం. ఇందులో ‘తను’ చెప్పేవాడి మాట, ‘వస్తాను’ అవతలివాడి మాట. ఒక్క వాక్యంలో ఇద్దరు కాపురం చేస్తున్నారన్నమాట. తెలుగుకు ఇదొక అందం. కాని ‘నేను’, ‘నాకు’ అనేవి వచ్చాయంటే మాత్రం చిక్కే. ఎవరి నేను? ఎవరి నాకు? నా ప్రూఫు ముంచింది అక్కడే.

మరి కొటేషన్ మార్కులే లేని రోజుల్లో మనవాళ్ళు ఏం చేశారు? తాళపత్రాల్లో కామాల్లేవు, కొటేషన్లు లేవు, పదానికీ పదానికీ మధ్య జాగా కూడా ఉండేది కాదు. అయినా ధృతరాష్ట్రుడి మాట సంజయుడికి అంటుకోలేదు. భారత భాగవతాల్లో ‘ఇట్లనియె’ అని వచ్చిందంటే ఇక్కణ్ణుంచి పాత్ర మాట మొదలని గుర్తు. ‘అని పలికిన’, ‘అనిన విని’ అని వచ్చిందంటే మాట అయిపోయిందని గుర్తు. సంస్కృతంలో ‘ఇతి’ చేసే పనే మన ‘అని’ చేస్తుంది. వాడుక వచనంలోకి వచ్చేసరికి ‘ఇట్లనియె’ రాలిపోయింది, ‘అని’ నిలిచింది. ఇంటికి పెరటి తలుపు మిగిలి, వీధి తలుపు పోయినట్టయింది. అచ్చుతోబాటు ఇంగ్లీషు నుంచి వచ్చిన కొటేషన్ మార్కు ఆ వీధి తలుపు చోట నిలబడింది. అందుచేత తెలుగులో అసలు పని చేసేది ప్రారంభంలో పెట్టే గుర్తే అని నా అభిప్రాయం. ముగింపు గుర్తు లేకపోయినా ‘అని’ ఆదుకుంటుంది. మొదటిది పోతే ఆదుకునేదేదీ లేదు.

ఈ గుర్తుకు మన కథల్లో ఇంకో పని కూడా పడింది. వీరేశలింగం గారి ‘రాజశేఖర చరిత్రము’ (1878) గ్రాంథికంలో నడుస్తుంది. 1910లో గురజాడ ‘దిద్దుబాటు’ సంభాషణతోనే మొదలవుతుంది. ఆ తరవాత చాలాకాలం కథకుడి భాష ఒకటి, పాత్రల భాష ఇంకొకటిగా సాగింది. రావిశాస్త్రి పాత్రలు విశాఖ యాసలో మాట్లాడితే ఆ యాసకు కొటేషన్లు కంచె. నామిని సుబ్రమణ్యం నాయుడు వంటి వారు వచ్చి కథ చెప్పడమే చిత్తూరు యాసలో చెప్పాక ఆ కంచెకు పనిలేకపోయింది. మీరు మీ ఊరి యాసను కొటేషన్ల లోపలే ఉంచి, బయట పత్రికల భాష రాస్తున్నారంటే, ఎందుకలా చేస్తున్నారో ఒక్కసారి ఆలోచించండి. తప్పని అనను. ఆలోచించమంటున్నాను, అంతే.

ఇక మనసులో మాట. పైకన్న మాటకు జంట కొటేషన్లు, అనుకున్న మాటకు ఒంటి కొటేషన్లు అని కొందరు పాటిస్తారు. మంచి పద్ధతే. అయితే అసలు ఏ గుర్తూ పెట్టకపోవడం కూడా ఒక పద్ధతి. చూడండి:

శంకరం గడియారం చూశాడు. ‘ఇంక పదినిమిషాలే ఉంది. నాన్నకేం చెప్పాలి?’ అనుకున్నాడు.

శంకరం గడియారం చూశాడు. ఇంక పదినిమిషాలే. నాన్నకేం చెప్పాలి?

మొదటిదాంట్లో మనం ఇన్విజిలేటరు కుర్చీలో కూర్చుని శంకరాన్ని చూస్తున్నాం. రెండోదాంట్లో శంకరం బెంచీమీదే ఉన్నాం. ఇది మన భాషలో ఇంత సులువుగా ఎలా కుదిరిందంటే, ‘చెప్పాలి’కి పురుషభేదం లేదు. నేను చెప్పాలి, వాడు చెప్పాలి, అంతా ఒకటే. అదే ‘నాన్నకేం చెప్తాడు?’ అని రాస్తే రచయిత బయట నిలబడి మాట్లాడినట్టుంటుంది. ‘నాన్నకేం చెప్పను?’ అని రాస్తే పూర్తిగా శంకరం గుండెలోకి దిగినట్టుంటుంది. చెప్తాడు, చెప్పాలి, చెప్పను: దూరం తగ్గుతూ పోయింది, కొటేషన్ మార్కుతో పనిపడలేదు. కాని ఒకే పేరాలో ఇద్దరి మనసుల్లోకి ఇలా దూరారంటే పాఠకుడు దారి తప్పడం ఖాయం.

1969లో వచ్చిన నవీన్ ‘అంపశయ్య’ చూడండి. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకునే రవి అనే కుర్రవాడి ఒక్కరోజు బతుకు, అదీ ఎక్కువభాగం వాడి మనసులోంచి. హాస్టలు విద్యార్థులు తప్పక చదవాల్సిన నవల. పై దేశాల్లో జేమ్స్ జాయిస్ 1922 నాటి ‘యులిసిస్’లో సంభాషణకు కొటేషన్లు వదిలేసి డాష్‌తో సరిపెట్టాడు; చివరి అధ్యాయాన్ని దాదాపు చిహ్నాలే లేకుండా ఎనిమిది మహావాక్యాల్లో నడిపాడు. అది చదివి మనమూ ఫుల్‌స్టాపులు మానేస్తామంటే నాకు కొంచెం భయమే.

చుక్కల గురించి ఒక్కముక్క. మాట దానంతటది ఆగిపోతే చుక్కలు, ఎవరో అడ్డుకుంటే డాష్. మన కుర్రవాళ్ళ కథల్లో ప్రతి వాక్యం వెనకా చుక్కలు చీమలబారులా పోతుంటాయి. సగం తుడిచెయ్యవచ్చును. ప్రశ్నార్థకం సంగతి వేరు. ‘వస్తావా’ అన్నప్పుడు ఆ దీర్ఘమే ప్రశ్న. గుర్తు మర్యాదకు పెడతాం. కాని “భోంచేశావు?” అన్నప్పుడు ఆ గుర్తు లేకపోతే, అమ్మ పలకరింపు కాస్తా వార్డెను నేరారోపణ అయిపోతుంది.

ఆ అమ్మాయి ఇప్పుడు ఎం.ఏ. రెండో సంవత్సరం. ఈ సంచికకూ కథ ఇచ్చింది, ఈసారి ప్రూఫులు తనే దిద్దుకుంది. ఒకచోట మాత్రం తల్లి పాత్ర మాటకు కొటేషన్లు లేవు. “ఇక్కడ మరిచిపోయావేమోనమ్మా” అన్నాను.

“లేదు సార్. ఆ మాట ఆవిడ పైకి అన్లేదు” అంది.